గోడకు అవతలి పక్క

మూడేళ్ల కిందటి వరకు నేను ప్రతి ఆదివారం ఒక వీడియో ఆటలో దాగి ఉన్న కథను తెలుగులో విడమరిచి చెప్పి, రికార్డు చేసి, ఇంటర్నెట్‌లో పెట్టేదాన్ని. మిగతా ఆరు రోజులు గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పేదాన్ని. నన్ను వినేవాళ్లు కొన్ని వందల మంది. నా యాస పట్టుకొని "అక్కా, మీది ఏ బాయి ఏరియా?" అని అడిగేవాళ్లు కొందరు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు.

ఆ ఆట పేరు చెప్పను. కత్తులు, మంత్రాలు, నడిచే శవాలు ఉన్న ఆట. ఒక కొండ కింద ఉప్పు రాజ్యం ఉంటుంది. దాన్ని ఏలిన రాణి లేదు, ప్రజలు లేరు, ఉప్పు వల్ల కుళ్లిపోని శవాలు మాత్రం వరండాల నిండా ఉంటాయి. ఆడేవాడికి అక్కడ ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. ఒక ఉంగరమో, తుప్పు పట్టిన తాళం చెవో దొరికితే దాని కింద రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాసి ఉంటాయి, అంతే. అలాంటి ముక్కలన్నీ పక్కపక్కన పెట్టుకొని, గోడల మీది బొమ్మలు చూసి, ఏ శవం ఎటు తిరిగి పడి ఉందో చూసి, కథను మనమే అల్లుకోవాలి. ప్రపంచంలో ఎందరో ఆ పని చేస్తూ ఉంటారు. తెలుగులో చేసేదాన్ని నాకు తెలిసి నేనొక్కదాన్నే.

మా ఇల్లు ఊరి చివర. మా నాన్న, అంటే బాపు, బొగ్గు కంపెనీలో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి కట్టుకున్న రెండు గదులు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో నేను, బాపు. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పెట్టినప్పుడు కిటికీలు గలగలలాడేవి, ఆ చప్పుడు రికార్డులో పడేది. అందుకని ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టేదాన్ని. నేను కంప్యూటరు ముందు కూర్చుంటే బాపు వెనక మంచం మీద కూర్చొని చూసేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆట తెలియదు. అయినా లేచి వెళ్లేవాడు కాదు. ఊపిరితిత్తులు పాడై బయట ఎక్కువ తిరగలేకపోయేవాడు. నా ఆట ఆయనకు టీవీ లాంటిది.

"గా ముసలామె ఎవలు బిడ్డా? ఒక్కతే ఎందుకు కూసున్నది?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. కొన్నిసార్లు ఆయనకు చెబుతూ ఉంటేనే నాకు కథ అర్థమయ్యేది.

బాపు బాయిలో టింబర్‌మెన్‌గా చేశాడు. భూమి లోపల పైకప్పు పడకుండా దుంగలు నిలబెట్టడం, గోడలు కట్టడం ఆ పని. ఆయన చెవికి పేరుండేది. ఇనుప కడ్డీతో రూఫును తట్టి, చప్పుడు వినగానే ఇది నిలుస్తుంది, ఇది పడుతుంది అని చెప్పేవాడు. గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది, పొర విడిచిన రాయి దొల్లగా మోగుతుంది. ఆయన మంచిది అన్న రూఫు కింద పని చేయడానికి ఎవరూ భయపడేవాళ్లు కాదని అమ్మ గొప్పగా చెప్పుకునేది.

ఆ ఏడాది వానలు తగ్గిన రోజుల్లో నేను ఆటలో ఒక చోట చిక్కుబడ్డాను. ఉప్పు గని అడుగున పెద్ద హాలు ఉంటుంది. అందులో నలభై శవాలు మోకాళ్ల మీద వంగి, ఒకే గోడ వైపు తిరిగి ఉంటాయి. నేలంతా పగిలిన సుత్తులు. అక్కడ దొరికే సుత్తి కింద ఇలా ఉంటుంది: "రాణిగారి పనివాళ్లు చేతులు పనిచేసినంత సేపు వేడుకున్నారు." ఇంగ్లీషులో కథ విప్పేవాళ్లంతా ఇది ప్రార్థన మందిరం అని తేల్చేశారు. గోడ వెనక వాళ్ల దేవుడు ఉన్నాడని, మొక్కుతూ మొక్కుతూ పోయారని. నేనూ అదే చెప్పబోతున్నాను. కానీ సుత్తులు ఎందుకు పగిలాయో ఎవరూ చెప్పలేదు. అది నాకు మింగుడు పడలేదు. ఆ హాలులోనే రెండు ఆదివారాలు తిరిగాను.

రెండో ఆదివారం బాపు మంచం మీద నుంచి లేచి వచ్చి, తెరకు దగ్గరగా వంగాడు.

"గోడ కాడికి పో," అన్నాడు.

ఆటలోని నా బొమ్మను గోడ దగ్గరికి నడిపించాను.

"ఇంక దగ్గరికి. రాళ్ల నడుమ చూపియ్యి."

చూపించాను. రాళ్ల సందుల్లోంచి సున్నం ముద్దలు ముద్దలుగా బయటికి ఉబికి, అలాగే గట్టిపడి ఉంది.

"ఇది అవుతల నుంచి కట్టిన గోడ," అన్నాడు.

"ఎట్ల తెలుసు బాపూ?"

"మనం నిలబడి కట్టే దిక్కు తాపీతోని సాపు చేస్తం. అవుతలి దిక్కు చెయ్యి పోదు కదా, మాలు గట్లనే కారి ఉంటది. చూడు, వీళ్ల దిక్కు ఒక్క కాడ కూడ తాపీ తాకలే. వీళ్లు లోపల ఉండంగనే ఎవలో అవుతల నిలబడి మూసిన్రు."

నాకు ఒళ్లు జలదరించింది. నిజానికి అది సంతోషం. ఇన్ని దేశాల వాళ్లు ఇన్నేళ్లుగా చూసి కనిపెట్టనిది మా బాపు చూశాడు.

"మరి మొక్కుతున్నరు కదా?"

"మొక్కుతలేరు బిడ్డా." ఆయన గొంతు తగ్గింది. "పైన మసి చూడు. పొగ పైకి పోతది. కింద గింత గాలుంటది. దాని కోసం వంగిన్రు."

మళ్లీ సుత్తి కింది వాక్యం చదివాను. వేడుకున్నారు అని ఉంది కానీ, దేవుణ్ని అని లేదు. ఎవర్ని వేడుకున్నారు? గోడ అవతలి వాళ్లనే. సుత్తులు పగిలింది గోడను కొట్టి కొట్టి.

ఆ పొద్దు నేను ఆగలేకపోయాను. అప్పటిదాకా ఎవరికీ అర్థం కాని వస్తువులన్నీ ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. రాణి సింహాసనం దగ్గర దొరికే వెండి తాపీ ఒకటి. దాని కింద "ఒకే ఒక్క పనికి ఇచ్చిన బహుమతి, మళ్లీ ఎవరూ వాడలేదు" అని ఉంటుంది. గోడ మీద, గనిలోని కొలిమిలో మంటలు లేచినట్టు ఒక బొమ్మ. ఆట మొదట్లో, రాజ్యం గుమ్మం దగ్గర కూర్చొని ఉండే మూగవాడు ఒకడు. వాడి చేతులకు తెల్లటి మరకలుంటాయి. ఉప్పు అనుకున్నాం అందరం. గనిలో మంట పుట్టింది, రాజ్యమంతా కాలిపోకుండా గనిని మూయించింది రాణి, లోపల మనుషులుండగానే. మూసినవాడు గుమ్మంలో కూర్చున్న ఆ మేస్త్రి. చేతుల మీది తెలుపు సున్నం.

"చూడు బాపూ, వాడికి ఈ సుత్తి ఇస్త. ఏం చేస్తడో చూద్దాం," అని గుమ్మం దగ్గరికి పరిగెత్తించాను.

మూగవాడికి సుత్తి ఇచ్చాను. వాడు దాన్ని రెండు చేతులతో తీసుకొని, తిప్పి చూసి, కింద పెట్టాడు. తర్వాత రెండు చెవులూ మూసుకున్నాడు. అంతే. నేను గట్టిగా అరిచాను, దొరికింది అని. వెనక్కి తిరిగి చూస్తే మంచం మీద బాపు లేడు. వాకిట్లో గచ్చు మీద కూర్చొని ఉన్నాడు, ముఖం రోడ్డు వైపు పెట్టుకొని.

ఆయాసం వచ్చిందేమో అనుకున్నాను. నీళ్లిచ్చి, వచ్చి వీడియో రికార్డు చేసుకున్నాను. అంతవరకు నేను చేసిన వాటిలో అదే మంచిదని అందరూ అన్నారు. వేల మంది చూశారు. బాపు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సరిగా తినలేదు. అడిగితే "ఆకలి కాలే" అనేవాడు. బుధవారం బడి నుంచి వచ్చేసరికి అదే గచ్చు మీద ఉన్నాడు.

"నీకొక మాట చెప్పాలె," అన్నాడు.

చెప్పింది ఇది.

నాకు ఏడేళ్లప్పుడు బాపు పని చేసే బాయిలో ఒక చోట బొగ్గు తనంతట తాను వేడెక్కి పొగ పట్టింది. అలా అవుతుందని బాయి మనుషులందరికీ తెలుసు. ఆ చోట ఉన్న వాళ్లను బయటికి పంపేశారు. నీళ్లు తోడే పంపు దగ్గర పని చేస్తున్న ఒక్క మనిషి రాలేదు. ఆయన బాపుకు జోడీదారు. ఇద్దరూ ఒకే ఊరి నుంచి వచ్చి ఒకే రోజు పనిలో చేరారు. బావా అంటే బావా అనుకునేవాళ్లు. నాకు ఆయన మామ. ఆదివారాలు మా ఇంటికి వచ్చి నన్ను భుజాల మీద ఎక్కించుకొని బజారుకు తీసుకెళ్లేవాడు.

రెస్క్యూ వాళ్లు రెండుసార్లు లోపలికి పోయి, పొగకూ వేడికీ వెనక్కి వచ్చారు. గ్యాసు పెరిగిపోతోంది. అది అంటుకుంటే మిగతా బాయిలో ఉన్న వాళ్లెవరూ మిగలరు. ఆ చోటును గోడ కట్టి మూసేయాలని నిర్ణయం జరిగింది. అలా చేయడమే పద్ధతి, మరో దారి లేదు, ఇప్పటికీ నాకు అందులో తప్పు కనబడదు. గోడ కట్టిన వాళ్లలో బాపు ఒకడు.

"ఆఖరి వరస పెడుతున్నం," అన్నాడు బాపు. "సప్పుడు ఇనబడ్డది. మూడు సార్లు. కొంచెం ఆగి, మళ్ల మూడు. మా మీది సర్దారు నా దిక్కు చూసిండు. గది ఏంది సప్పుడు అని అడిగిండు. నా చెవి మీద అందరికి నమ్మకం కదా బిడ్డా. నన్నే అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"రూఫు పని చేస్తుంది అన్న."

పైకప్పు కదిలి చప్పుళ్లు చేయడాన్ని బాయిలో అలా అంటారు.

"నిజంగా రూఫే అనుకున్నవా బాపూ?"

"రూఫు మూడు కొట్టి ఆగుతదా?" అన్నాడు. "ఆ గోడ ఇప్పితే అందరం పోతం అనిపించింది. నువ్వు యాదికొచ్చినవ్. తర్వాత ఇటుక పెట్టిన."

ఆ రోజు నాకు గుర్తుంది. రోజూ నల్లగా వచ్చే మనిషి ఆ రోజు చేతులకు బూడిద రంగు సిమెంటుతో వచ్చాడు. బోరింగు దగ్గర ఎంతసేపు కడుక్కున్నా పోలేదు. అమ్మ కొబ్బరి నూనె రాసింది. మామ పోయాడని అందరూ ఏడుస్తూ ఉంటే నేనూ ఏడ్చాను.

ఏడు నెలల తర్వాత ఆ గోడ తెరిచారు. మామ శవం పంపు దగ్గర దొరకలేదు. గోడకు పది అడుగుల దూరంలో దొరికింది. తీసినవాళ్లు బాపుకు చెప్పారు. మూసిన పెట్టె ఇంటికి వచ్చింది. మామ భార్యకు బాపే చెప్పాడు, పంపు దగ్గరే గ్యాసు పట్టి, నిద్ర పట్టినట్టు పోయాడని, ఏమీ తెలియలేదని.

అప్పటికి ఆమెకు బాయి మీద, లాంప్ రూములో పని ఇచ్చారు. దిగే మనుషులకు టోపీ దీపాలు అందించి, ఎక్కి వచ్చాక తిరిగి తీసుకునే చోటు. బాపు రిటైరయ్యే దాకా, పద్నాలుగేళ్లు, ప్రతి షిఫ్టుకూ ఆమె చేతి నుంచి దీపం అందుకున్నాడు. "పైలం అన్నా" అని జాగ్రత్త చెప్పేదట ఆమె, ప్రతిసారీ.

"ఆమెకు చెప్పాలె," అన్నాడు బాపు.

నేను వద్దన్నాను. ఇన్నేళ్లకు చెప్పి ఏం లాభం, ఆమె మనసులో ఉన్న ఆ నిద్ర అయినా ఉండనియ్యి అన్నాను. కోపంగా కూడా అన్నాను. ఒక ఆట చూసి ఇదంతా తవ్వుకోవడం ఏంది అన్నాను. ఆయన వాదించలేదు. మరుసటి ఆదివారం తెల్ల చొక్కా వేసుకొని, చెప్పులు తొడుక్కొని వాకిట్లో నిలబడ్డాడు. ఒంటరిగా పంపలేక వెంట వెళ్లాను. షేరు ఆటోలో ఆయన పక్కన కూర్చుంటే ఛాతీలో గాలి ఈల వేస్తున్నట్టు వినిపించింది. ఆ ఆయాసాన్ని మా దగ్గర దమ్ము అంటారు.

మామ భార్య, మా అత్త, క్వార్టర్ల లైనులో ఒక్కతే ఉండేది. కూతురికి పెళ్లై నస్పూర్‌లో ఉంటోంది. మేం వెళ్లేసరికి ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, బట్టలు పిండి ఆరేస్తోంది. బాపును చూడగానే కొంగు సర్దుకొని నవ్వింది.

"ఏందన్నా, దమ్ముతోని గింత దూరమొచ్చినవ్? కబురు పెడితె నేనే రాకపోదునా?"

కుర్చీలు వేసి, చాయ్ పెట్టింది. బాపు చాయ్ పట్టుకొని, తాగకుండా, మొదలుపెట్టాడు. నా ఆట గురించి కూడా చెప్పాడు, బిడ్డ ఒక ఆటల గోడ చూపించింది, దాంతోని నా మనసు ఆగలేదు అని. ఆ మాటకు నేను నేలలోకి కుంగిపోయాను. గోడ, చప్పుడు, సర్దారు అడగడం, తను చెప్పిన మాట, అన్నీ వరసగా చెప్పాడు. ఏడవలేదు. మామ ఎక్కడ దొరికాడో కూడా చెప్పాడు.

బకెట్లో పిండని బట్టలు అలాగే ఉన్నాయి.

"ఆయన నిద్రల పోలేదని నాకెరుకే," అంది అత్త.

బాపు తలెత్తాడు.

"ఎవలు చెప్పిన్రు చెల్లె?"

"ఎవలు చెప్పలే. ఆయన దీపం లాంప్ రూముకు వచ్చింది గద. నేను పనిల చేరి నాలుగు నెలలు. అన్ని దీపాలు తీస్కున్నట్టే తీస్కున్న. నంబరు చూసిన. స్విచ్చు చూసిన." ఆమె తన నుదుటి దగ్గర, టోపీ మీద దీపం ఉండే చోట, వేలితో తిప్పి చూపించింది. "బంద్ చేసి ఉండె అన్నా. నిద్రల పోయినోడు దీపం బంద్ చేస్కుంటడా? ఎవలన్న వస్తరు, చానసేపు ఆగాలె, దీపం సరిపోవాలె అని బంద్ చేస్కున్నడు. చీకట్ల కూసున్నడు."

బాపు చేతిలో కప్పు పక్కకు వంగి చాయ్ చొక్కా మీద పడింది. నేను కప్పు తీసుకున్నాను.

"ఎందుకు అడగలే నన్ను?" అన్నాడు.

"అడిగితె ఏం చెప్తవో అని." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నువ్వు రోజూ దీపం కోసం చెయ్యి చాపితె నీ మొఖం చూసేదాన్ని. నీకేదో తెల్సు, చెప్తలేవు అనుకున్న. గంతే అనుకున్న. ఇన్నవని అనుకోలే. ఇని కూడ రూఫు అన్నవని అనుకోలే."

"తప్పు చేసిన చెల్లె."

"ఎన్ని సార్లు కొట్టిండు?"

"మూడు. మళ్ల మూడు."

"గంతేనా?"

బాపు నేల వైపు చూశాడు. "గోడ పూర్తయ్యి, పూత పూసేదాక," అన్నాడు.

ఆ మాట నాకు కూడా చెప్పలేదు.

అత్త లేచి బకెట్టు దగ్గరికి వెళ్లింది. తడి చీర తీసి, రెండు చేతులతో పిండింది. నీళ్లన్నీ కారిపోయాక కూడా పిండుతూనే ఉంది. మా వైపు తిరగకుండానే అంది.

"పొద్దు గూకక ముందే పోండ్రి. దమ్మున్న మనిషి, ఆటోలు దొరకయి." కొంచెం ఆగి, "ఇగ మా ఇంటికి రాకు అన్నా," అంది.

వచ్చేశాం. ఇంటికి వచ్చాక ఆ చొక్కా తనే ఉతుక్కున్నాడు.

చెప్పినందుకు ఆయన మనసు తేలికపడుతుందని నేను ఎక్కడో ఆశపడ్డాను. అలా ఏమీ జరగలేదు. ఆ చలికాలం ఆయాసం ఎక్కువై రెండుసార్లు దవాఖానాలో చేర్చాం. పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టేదాన్ని. నిద్రలో చేయి లేచి గాలిలో ఏదో పెడుతున్నట్టు కదిలేది. నేను వీడియోలు మానేశాను. ఆ మేస్త్రి వీడియోను కూడా తీసేశాను. ఎందుకు తీశావని చాలామంది అడిగారు. ఒకతను, అక్కా మీరు చెప్పిందే అసలు కథ, భయపడకండి అని రాశాడు. జవాబు ఇవ్వలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచాక ఒక సాయంత్రం గేటు దగ్గర అత్త నిలబడి ఉంది. లాంప్ రూము నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో టిఫిను డబ్బా సంచి.

"ఆ ఆట నాకు చూపియ్యి," అంది.

"అది మంచిగుండదు అత్తా."

"చూపియ్యి బిడ్డా."

పిల్లలు వెళ్లిపోయారు. కంప్యూటరు గదిలో కూర్చోబెట్టాను. అక్కడి మిషన్లలో ఆ ఆట నడవదు. తీసేసిన వీడియో నా ఫోనులో ఉంది, అది పెట్టాను. నా గొంతు ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. వినలేక శబ్దం తగ్గించేశాను. ఆమె కళ్లు చిట్లించి చిన్న తెరలోకి చూసింది. నలభై శవాల హాలు వచ్చినప్పుడు ఆమె ఏమంటుందోనని ముఖం వైపు చూశాను. ఆమె ఫోనును కళ్లకు దగ్గరగా జరుపుకుంది. గోడ మీది సున్నాన్ని కూడా అలాగే చూసింది. గుమ్మం దగ్గరి మూగవాడు రాగానే ఆపమంది.

"వీడేనా కట్టింది?"

"వీడే."

"మాట్లాడడా?"

"మాట్లాడడు."

"మళ్ల పెట్టు."

వాడు సుత్తి అందుకోవడం, కింద పెట్టడం, చెవులు మూసుకోవడం నాలుగుసార్లు చూసింది.

"తర్వాత ఏమైతడు?"

"సుత్తి ఇచ్చి వెళ్లిపోయి మళ్లీ వస్తే అక్కడ ఉండడు అత్తా. ఆ జాగ ఖాళీగా ఉంటది."

"ఏడికి పోతడు?"

"ఎవరికీ తెలవదు. చానమంది వెతికిన్రు. ఎక్కడా దొరకడు."

"లోపలున్నోళ్ల కాడికి పోయిండా?"

నేను అక్కడ వెతికానని, లేడని చెప్పాను. ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. సంచి తీసుకొని లేచింది. తలుపు దగ్గర ఆగి, "మీ బాపుకు ఎట్లున్నది?" అని అడిగింది.

"దమ్ము ఎక్కువైంది. ఇంట్లనే ఆక్సిజన్ పెట్టిన్రు."

తల ఊపింది. బడి మెట్లు దిగి, రోడ్డు దాటి, మందమర్రి బస్సుల వైపు నడిచిపోయింది. అక్కడ ఆమె చెల్లెలుంటుందని తర్వాత తెలిసింది.

ఆమె వచ్చిన సంగతి బాపుకు చెప్పాను. ఏమన్నది అని అడిగాడు. నీ సంగతి అడిగింది అన్నాను. అది నిజమే. ఇంకా ఏమన్నా అన్నదా అన్నాడు. లేదన్నాను. ఆయన ముక్కు దగ్గరి గొట్టం సర్దుకొని, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఏడాది తిరగకముందే అత్త పని విడిచిపెట్టి, క్వార్టరు అప్పజెప్పి, కూతురి దగ్గరికి నస్పూర్ వెళ్లిపోయింది. వెళ్లేముందు మా ఇంటికి రాలేదు. ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉంది, నేను చేయలేదు, ఆమె చేయలేదు.

బాపు ఇంకా ఉన్నాడు. మంచం దిగి బాత్రూముకు వెళ్లడానికి నా భుజం కావాలి. మొన్న స్నానం చేయించి కూర్చోబెట్టాక, ఊపిరి కూడదీసుకొని, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"నేను పోతె నస్పూర్‌కు కబురు పెట్టు. ఆమెకు తెల్వాలె. వస్తె రానియ్యి. రాకపోతె ఎవలు ఏమనొద్దు. నువ్వు కూడ అనొద్దు."

సరే బాపూ అన్నాను. ఆయన వీపు తుడిచి, చొక్కా తొడిగాను.